పీకేయూ ఉన్న పదేళ్ల బాబు: ఐక్యూ బాగుంది, మరి పనెందుకు పూర్తి కాదు?

బెంగళూరు మారతహళ్లి నుంచి రాసిన అమ్మగారి ఉత్తరం పొడవుగా ఉంది. మిగతా వాళ్ల కోసం అందులోని సారాంశం ఇది. బాబుకి పదేళ్లు, సీబీఎస్ఈ బడిలో ఐదో తరగతి. పుట్టిన వారంలోనే స్క్రీనింగ్‌లో పీకేయూ (ఫినైల్‌కీటోన్యూరియా, అంటే ప్రొటీన్‌లో ఉండే ఫినైల్‌అలనిన్‌ని శరీరం సరిగా ఖర్చు చేయలేని పుట్టు జబ్బు) బయటపడింది, అప్పట్నుంచీ ప్రొటీన్ బాగా తగ్గించిన డైట్ మీదే పెరిగాడు. ఐక్యూ 104. అయినా క్లాసులో నోట్సు సగమే ఎక్కుతుంది, టిఫిన్ బాక్సూ స్వెటరూ బడిలోనే ఉండిపోతాయి, ఇంట్లో మూడు పనులు చెబితే మొదటిది చేసి అక్కడే ఆగిపోతాడు. టీచరు కేర్‌లెస్ అంటున్నారు. నాయనమ్మ మొండితనమంటున్నారు, జ్ఞాపకశక్తికి రోజూ పది బాదం పప్పులు నానబెట్టి ఇవ్వమంటున్నారు. నాన్నగారి దృష్టిలో తప్పంతా ఫోన్‌దే. గత మూడు రక్త పరీక్షల్లో ఫినైల్‌అలనిన్ 6.8, 9.2, 8.5 వచ్చింది. ఇది ఏడీహెచ్‌డీనా (ధ్యాస నిలవని సమస్యా), మాత్ర మొదలుపెట్టాలా, పెద్దయ్యే కొద్దీ అదే సర్దుకుంటుందా, హిందీకి ట్యూషన్ పెట్టించాలా అని అడిగారు.

నేను బెంగళూరులో చాలా ఏళ్లుగా పిల్లల న్యూరోసైకాలజీ పనిలో ఉన్నాను. మందులు రాసే డాక్టర్ని కాను, కాబట్టి మాత్ర సంగతి చివర్లో, నాకు తెలిసిన మేరకే చెబుతాను.

అమ్మా, మీ ఉత్తరంలో బాబు ప్రవర్తన గురించి రెండు పేజీలుంటే ఆ మూడు అంకెల గురించి ఒక్క లైనే ఉంది. నేనైతే అక్కడే మొదలుపెడతాను. ల్యాబ్ డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో ఇచ్చింది కాబట్టి 60.5తో హెచ్చవేస్తే మార్గదర్శకాలు వాడే కొలత, లీటరుకి మైక్రోమోల్స్ వస్తాయి: సుమారు 411, 557, 514. యూరోపియన్ మార్గదర్శకాల ప్రకారం పన్నెండేళ్లలోపు పిల్లలకి 120 నుంచి 360 మధ్య ఉండాలి, అంటే మీ రిపోర్టు లెక్కలో రెండు నుంచి ఆరు. అమెరికా వాళ్లయితే అదే హద్దు జీవితాంతం పాటించమంటారు. "పది లోపుంటే ఫర్లేదు" అని మీకెవరో చెప్పారన్నారు. అది పాతకాలపు మాట. అప్పట్లో బుద్ధిమాంద్యం రాకుండా కాపాడటమే లక్ష్యం. ఆ లక్ష్యం వరకూ ఆ మాట సరిపోయింది, మీ బాబు ఐక్యూయే సాక్ష్యం. నోట్సు పూర్తి చేసుకోవడం, సంచి సర్దుకోవడం లాంటి వాటికి అది చాలదు.

ఈ తేడా తెలిసింది 1990ల్లో. న్యూరోసైంటిస్టు ఆడెల్ డైమండ్ బృందం పుట్టగానే వైద్యం మొదలై, ఐక్యూ మామూలుగా ఉన్న పీకేయూ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించింది. ఒక సంగతిని మనసులో పట్టుకుని ఉంచుతూనే, చప్పున చేయాలనిపించే ఇంకో పనిని ఆపుకోవాల్సిన పరీక్షలు పెట్టారు. ఫినైల్‌అలనిన్ ఆరు నుంచి పది మధ్య తిరుగుతున్న పిల్లలు ఆ పరీక్షల్లో తోటి వాళ్లకంటే, సొంత తోబుట్టువులకంటే కూడా వెనకబడ్డారు. ఆరు లోపున్న వాళ్లలో ఆ లోటు కనపడలేదు. మీ బాబు మూడు రిపోర్టులూ సరిగ్గా ఆ ఆరు-పది మధ్యే ఉన్నాయి.

ఎందుకలా అవుతుందంటే, ఫినైల్‌అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే మూడు అమైనో ఆమ్లాలూ (ప్రొటీన్ ముక్కలు) రక్తంలోంచి మెదడులోకి ఒకే వాహకం మీద వెళ్లాలి. సాయంత్రం ఆరింటికి సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర ఆగిన బస్సు అనుకోండి. ఒక కంపెనీ వాళ్లు వందమంది ముందే ఎక్కేస్తే మిగతావాళ్లు కిందే నిలబడాలి. రక్తంలో ఫినైల్‌అలనిన్ ఎక్కువైతే టైరోసిన్‌కి చోటుండదు. ఆ టైరోసిన్‌తోనే మెదడు డోపమిన్ (కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే రసాయనం) చేసుకుంటుంది. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కి వెళ్లే డోపమిన్ కణాలు దాన్ని చాలా వేగంగా వాడేస్తాయి, అందుకే సరఫరా కాస్త తగ్గినా ముందు దెబ్బ పడేది అక్కడ. పని మొదలుపెట్టడం, మధ్యలో చెదరకుండా ఉండటం, తర్వాతేంటో గుర్తుంచుకోవడం, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం, కోపం ఆపుకోవడం, ఇవన్నీ ఆ భాగం చూసుకునే పనులు. వీటన్నిటినీ కలిపి ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటాం. మాటలు, చదవడం, లోకజ్ఞానం చక్కగా ఉండి ఇవి మాత్రం తడబడే పిల్లాణ్ణి చూస్తే ఎవరికైనా ముందు తోచేది మొండితనమే. నాయనమ్మగారిని తప్పుపట్టలేం.

అయితే బాదం పప్పులు మాత్రం వెంటనే ఆపించండి. పది బాదం పప్పుల్లో దాదాపు రెండున్నర గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అంటే 120 మిల్లీగ్రాముల పైచిలుకు ఫినైల్‌అలనిన్. క్లాసిక్ పీకేయూ ఉన్న చాలామంది పిల్లలకి రోజంతటికీ అనుమతించేదే రెండు మూడు వందల మిల్లీగ్రాములు. జ్ఞాపకశక్తి కోసం పెట్టేదే జ్ఞాపకశక్తిని తినేస్తుందన్నమాట. పెద్దావిడకి కోడలు చెబితే ఒకలా ఉంటుంది, డైటీషియన్ చెబితే ఇంకోలా ఉంటుంది. వచ్చేసారి ఆవిణ్ణి కూడా వెంట తీసుకెళ్లండి.

అంకెలు పెరగడానికి ఇంకో మూడు దారులున్నాయి, ఇంట్లో తెలియకుండానే జరిగేవి. 9.2 వచ్చిన పరీక్షకి వారం ముందు జ్వరమొచ్చిందని రాశారు. జ్వరంలో తిండి తగ్గితే శరీరం తన కండనే కరిగించుకుంటుంది, అందులోని ఫినైల్‌అలనిన్ రక్తంలోకి వస్తుంది. కాబట్టి ఆ ఒక్క అంకెకి డైట్‌ని తప్పుపట్టకండి. రెండోది, పిల్లాడు ఈ ఏడాది బాగా పెరిగాడన్నారు. బరువు పెరిగితే ఫార్ములా (మామూలు ప్రొటీన్‌కి బదులు తాగే ప్రత్యేక పొడి పానీయం) మోతాదు కూడా మారాలి. చివరిసారి ఎప్పుడు మార్చారో చూడండి. మూడోది బడిలో తాగాల్సిన మధ్యాహ్నపు ఫార్ములా. ఆ వాసన సంగతి మీకు తెలిసిందే. పక్కవాళ్లు ముక్కు మూసుకుంటే పదేళ్ల మగపిల్లాడు దాన్ని వాష్‌బేసిన్‌లో పారబోస్తాడు. నేను చూసిన పిల్లల్లో చాలామంది చేసిన పనే. షేకర్ కడిగేసినట్టు శుభ్రంగా తిరిగొస్తుంటే ఆలోచించండి, తాగిన షేకర్ అంచుకి ఎండిన నురగ అంటుకునే ఉంటుంది. నిలదీయకండి. "బడిలో తాగడం కష్టంగా ఉందా? ఇంటికొచ్చాక తాగేలా మార్చమని డైటీషియన్ ఆంటీని అడుగుదామా?" అనండి, నిజం బయటికొస్తుంది. అసలు తాగకపోవడం కంటే నాలుగింటికి ఇంట్లో తాగడం వెయ్యి రెట్లు మేలు.

రక్తం ఎప్పుడూ ఒకే సమయంలో ఇవ్వండి, పొద్దున్నే, ఫార్ములాకి ముందు. ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం ఇస్తే అంకెలు పోల్చడానికి పనికిరావు. సగటుతో పాటు హెచ్చుతగ్గులు కూడా మెదడు పనితీరు మీద ప్రభావం చూపుతాయని అధ్యయనాలు చెబుతున్నాయి, కాబట్టి నిలకడగా ఉండటం ముఖ్యం.

ఇప్పుడు ఐక్యూ సంగతి. 104 వచ్చిన పిల్లాడు సంచి సర్దుకోలేడా అని నాన్నగారు అడుగుతున్నారు. ఆ టెస్టు ఎలా జరిగిందో గుర్తుచేసుకోండి. మాలిన్స్ అయినా వెక్స్‌లర్ అయినా నిశ్శబ్దంగా ఉన్న గది, ఎదురుగా ఒక్క మనిషి. "ఇప్పుడిది చెయ్యి, అయిందా, సరే, ఇప్పుడిది" అని ప్రతి అడుగూ ఆ మనిషే అందిస్తారు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, తర్వాతేంటి, ఇవేవీ పిల్లాడు తేల్చుకోనక్కర్లేదు. అంటే మీ బాబుకి కష్టమైన పనంతా ఎదుటి మనిషి చేసేసి, మిగిలినదానికి మార్కులేశారు. తప్పుడు టెస్టు కాదది. అది కొలిచేది వేరే. మీకిప్పుడు కావాల్సింది బ్రీఫ్ అనే ప్రశ్నావళి. తల్లిదండ్రులకొకటి, టీచరుకొకటి ఉంటుంది, రోజువారీ పనుల గురించి అడుగుతుంది. దానికి తోడు నిమ్‌హాన్స్ వాళ్లు మన పిల్లల కోసం తయారుచేసిన న్యూరోసైకలాజికల్ బ్యాటరీ (వరస పరీక్షల కట్ట) ఉంది, ఐదు నుంచి పదిహేనేళ్ల వాళ్లకి. కానీ ఫినైల్‌అలనిన్ తొమ్మిది దగ్గరుండగా ఇవి చేయిస్తే ఆ రోజు రక్తాన్ని కొలిచినట్టే అవుతుంది. కొన్ని వారాలు ఆరు లోపుకి తెచ్చి ఆ తర్వాత చేయించండి.

మీరు జత చేసిన కన్నడ నోట్సు ఫోటో చాలాసేపు చూశాను. మొదటి లైను ముత్యాల్లా ఉంది. రెండో లైనులో రెండు చోట్ల ఒత్తులు ఎగిరిపోయాయి. మూడో లైను ఒక మాట మధ్యలో ఆగింది, కింద ఒక విమానం బొమ్మ. అదే రోజు ఇంగ్లిష్ నోట్సు పేజీ నిండా ఉంది, చివరి రెండు లైన్లే లేవు. పిల్లాడికి తెలుగు లిపి నేర్పలేదన్నారు కదా, కన్నడ లిపి కూడా వాడికి కొత్తే. ఇంగ్లిష్‌లో ఒకసారి బోర్డు చూస్తే నాలుగు మాటలు మనసులో పెట్టుకుని దించగలడు. కన్నడలో ఒక్కో అక్షరానికీ తలెత్తాలి, ఎక్కడున్నానో వెతుక్కోవాలి, దించాలి, మళ్లీ తలెత్తాలి. పట్టి ఉంచుకునే చోటు అసలే తక్కువున్న పిల్లాడికి ముప్ఫై సార్లు తలెత్తేసరికి చోటంతా నిండిపోతుంది, విమానం మొదలవుతుంది. కేర్‌లెస్ అయితే మొదటి లైను అంత పొందికగా రాయడు.

కాబట్టి టీచరుని "కాస్త శ్రద్ధ పెట్టండి" అని అడగకండి. నలభైమంది ఉన్న క్లాసులో ఆ మాటకి అర్థం లేదు. చేయగలిగిన పనే అడగండి. కన్నడ, హిందీ నోట్సు ప్రింటు తీసి ఇస్తే బాబు ఖాళీలు మాత్రం పూరిస్తాడని చెప్పండి. మొదటి బెంచీలో, తలుపుకి దూరంగా కూర్చోబెట్టమనండి. రెండు మూడు పనులున్న లెక్కలో ఒక అంచె అయ్యాక "తర్వాతేంటి?" అని ఒక్కసారి అడగమనండి, జవాబు చెప్పనక్కర్లేదు. ఇంతకంటే ఎక్కువ అడిగితే ఏదీ జరగదు, నా అనుభవంలో మూడు దాటితే టీచర్లకీ గుర్తుండదు. రోగం గురించి పెద్ద ఉపన్యాసం కూడా వద్దు. "వాడి మెదడుకి తెలివి ఉంది, పనిని వరసలో పెట్టుకోవడం కష్టం, దీనికి రక్తంలో కారణం ఉంది" అంటే చాలు. డాక్టరు లెటర్ ఒకటి జతచేయండి.

ఇంట్లో చేయాల్సింది ఒకే సూత్రం మీద నడుస్తుంది: గుర్తుంచుకోమని చెప్పడం మానేసి, గుర్తుచేసే వస్తువుని పని జరిగే చోటే పెట్టడం. ఫ్రిజ్ మీద రంగురంగుల టైంటేబుల్ అతికించామని తల్లిదండ్రులు సంతోషంగా చెబుతుంటారు. టిఫిన్ బాక్సు మర్చిపోయేది ఫ్రిజ్ దగ్గర కాదు కదా, బడిలో మూడింటికి బస్సు కోసం పరిగెత్తేటప్పుడు. ఆ సంచి జిప్పుకే చిన్న అట్టముక్క కట్టండి, మూడు బొమ్మలతో: బాక్సు, నీళ్ల సీసా, స్వెటరు. జిప్పు మూసేముందు చేతికి తగలాలి. పొద్దున్న సంచి పొద్దున్న సర్దొద్దు. ఔటర్ రింగ్ రోడ్డు పుణ్యమా అని ఏడింటికే బస్సెక్కే పిల్లలు మనవాళ్లు, ఆ హడావుడిలో పెద్దవాళ్లకే చెప్పులు దొరకవు. రాత్రి భోజనానికి ముందే సంచి తలుపు పక్కకి చేరాలి.

మూడు పనులు ఒకేసారి చెప్పొద్దు. ఒకటి చెప్పి, "ఏం చెయ్యాలి?" అని వాడి నోటితో అనిపించండి. ఇంకో గది నుంచి అరిచి చెబితే చెప్పనట్టే లెక్క. హోంవర్కు దగ్గర వీళ్లు ఆగిపోయేది మొదలుపెట్టడంలోనే, అందుకే మొదటి రెండు నిమిషాలు పక్కన కూర్చోండి. పుస్తకం తెరవడం, తేదీ రాయడం, మొదటి లెక్క కలిసి చదవడం, అంతే. తర్వాత లేచి వెళ్లొచ్చు. "నాకు చెయ్యాలనే ఉంటుంది ఆంటీ, చెయ్యి కదలదు" అని ఒక పాప నాతో అంది. పది నిమిషాల టైమరు కంటికి కనపడేది పెట్టండి, ఫోన్‌లో కాదు. ఫోన్ విషయంలో నాన్నగారి మాట సగం నిజం, పని మధ్యలో ఫోన్ చేతికొస్తే తిరిగి రావడం వీళ్లకి ఇంకా కష్టం.

ఇంకోటి. క్లాసు వాట్సాప్ గ్రూపు చూసి హోంవర్కు మొత్తం మీరే చెబుతున్నారని అర్థమైంది. ఇప్పటికి తప్పదు. కానీ వాడు డైరీలో రాసుకొచ్చింది ముందు చదవనివ్వండి, తర్వాత గ్రూపుతో పోల్చండి. రాసినవాటికి మెచ్చుకోండి, వదిలేసినవి వాడే చూసి కలుపుకోనివ్వండి. ఒక ఆసరా తీశాక అది కుదురుకున్నాకే ఇంకోటి తీయాలి. అన్నీ ఒకేసారి తీసేసి "పెద్దవాడివయ్యావు" అంటే వారంలో అంతా మొదటికొస్తుంది.

ఈ మాట డైట్‌కి మరీ వర్తిస్తుంది. మీరడగలేదు గానీ నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. పీకేయూ డైట్ అంటేనే రోజంతా జరిగే ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ పరీక్ష. తూచాలి, లెక్క రాయాలి, ముందే ఆలోచించాలి, పుట్టినరోజు కేకు ఎదురుగా ఉంటే చెయ్యి ఆపుకోవాలి, శీతల పానీయం సీసా మీద ఆస్పర్టేమ్ (ఫినైల్‌అలనిన్ ఉండే కృత్రిమ తీపి) ఉందా అని చదవాలి. ఏ సామర్థ్యం తక్కువగా ఉందో దాని మీదే ఆధారపడిన వైద్యం. అందుకే పదకొండు, పన్నెండేళ్లకి ఇల్లు పట్టు వదిలేసినప్పుడు అంకెలు పెరుగుతాయి, అంకెలు పెరిగితే ప్లానింగ్ ఇంకా తగ్గుతుంది, డైట్ ఇంకా జారుతుంది. చాలా ఇళ్లలో దీన్ని టీనేజ్ తిరుగుబాటు కింద రాసేస్తారు.

బాధ్యత ముక్కలుగా ఇవ్వండి. ఇప్పుడు ఫార్ములా వాడే కలుపుకోవాలి, మీరు పక్కనుండి చూడాలి. అది అలవాటయ్యాక సాయంత్రం సగ్గుబియ్యం ఉప్మాకి కూరముక్కలు వాడే తూచాలి. ఆ తర్వాతెప్పుడో రోజు లెక్క. బయటికెళ్లేటప్పుడు ఏం తినాలో అక్కడ తేల్చుకోమనకండి, ఇంట్లోనే తేల్చి పంపండి. పెళ్లి భోజనంలో పులిహోర చూశాక పల్లీలు ఏరి పక్కన పెట్టి తినమంటే పెద్దవాళ్లం మనమే ఆగం.

ఫార్ములా ఖర్చు గురించి ఒక్క మాట. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ప్రత్యేక ఆహారంతో అదుపులో ఉండే జబ్బుల జాబితాలో పీకేయూ ఉంది. బెంగళూరులో ఇందిరా గాంధీ ఆసుపత్రితో కలిసి సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ దీనికి గుర్తింపు పొందిన కేంద్రం. పేరు నమోదు చేయించకపోతే ముందు ఆ పని చూడండి.

ఇక ఏడీహెచ్‌డీ. పీకేయూ పిల్లల్లో అశ్రద్ధ లక్షణాలు మిగతా పిల్లల్లో కంటే ఎక్కువే. బాబుకి రెండూ ఉండొచ్చు. కానీ ఫినైల్‌అలనిన్ తొమ్మిదుండగా ఆ లేబుల్ వేయడం తొందరపాటు. ముందు అంకె దిగాలి, బడిలో ఆ మూడు మార్పులూ జరగాలి, నిద్ర, కంటిచూపు, రక్తహీనత, థైరాయిడ్ చూడాలి. అప్పటికీ బ్రీఫ్ స్కోర్లు అలాగే ఉంటే పిల్లల సైకియాట్రిస్టు మాత్ర గురించి ఆలోచిస్తారు. పీకేయూ ఉన్న పిల్లలకీ ఏడీహెచ్‌డీ మాత్ర మిథైల్‌ఫెనిడేట్ ఇస్తారు, అదేమీ నిషేధం కాదు. పీకేయూ చూసే మెటబాలిక్ డాక్టరుకి తెలియకుండా మాత్రం వద్దు. విడిగా టైరోసిన్ పొడి కొనకండి. ఫార్ములాలో అది ఉంటుంది, అదనంగా ఇచ్చిన ప్రయోగాల్లో చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు. తెలివి పెంచుతామనే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ క్లాసులు శుద్ధ మోసం. మెమరీ యాప్‌లు ఆడితే ఆ ఆటలో స్కోరు పెరుగుతుంది, టిఫిన్ బాక్సు ఇంటికి రాదు.

సర్టిఫికెట్ సంగతి కూడా చాలామంది అడుగుతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వర్గాల్లో పీకేయూ లేదు, ఏడీహెచ్‌డీ కూడా విడిగా లేదు. స్పెసిఫిక్ లెర్నింగ్ డిజబిలిటీ (చదవడం, రాయడం, లెక్కల్లో ప్రత్యేకమైన ఇబ్బంది) ఉంది. పరీక్షించాక అది కూడా తేలితే ప్రభుత్వాసుపత్రి సర్టిఫికెట్‌తో బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు. తేలకపోతే లేనిది రాయించుకోవాలని చూడకండి.

పెద్దయ్యాక సర్దుకుంటుందా? ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి బాబు ఈ రోజుకంటే మెరుగవుతాడు. అయితే బడి కూడా ఊరుకోదు. ఆరో తరగతిలో సబ్జెక్టుకో టీచరు, ప్రాజెక్టులు, పైగా మూడు భాషలు. తోటివాళ్లతో దూరం అప్పుడు పెరిగినట్టు కనిపించొచ్చు, బాబు వెనక్కి పోయాడని అర్థం కాదు. పుట్టుకతో థైరాయిడ్ లోపం, గెలాక్టోసీమియా, చిన్నప్పుడే మొదలైన షుగరు, నెలలు నిండకుండా పుట్టడం, ఈ పిల్లల తల్లిదండ్రులు కూడా ఇక్కడ చదువుతున్నారు. కారణాలు వేరైనా ఆరు, ఏడు తరగతుల్లో ఇదే గండం వస్తుంది, ఇంట్లో బడిలో చేయాల్సిందీ దాదాపు ఇదే.

హిందీ ట్యూషన్ ఇప్పుడొద్దు. బడి నుంచి నాలుగింటికి అలసిపోయి వచ్చే పిల్లాడికి ఇంకో గంట కూర్చోవడం, ఇంకో టీచరు, ఇంకో నోటుబుక్కు. ఆ గంట కింద అపార్ట్‌మెంట్‌లో సైకిల్ తొక్కనివ్వండి. జనవరిలో రక్త పరీక్ష రిపోర్టు, టీచరు నింపిన బ్రీఫ్ ఫారం, ఒక నెల కన్నడ నోటుబుక్కు, ఈ మూడూ పట్టుకుని మీ సైకాలజిస్టుని కలవండి. హిందీ సంగతి అప్పుడు తేల్చొచ్చు.